ఇంటి కొట్టుకు వెల్డింగు యంత్రము

మల్కాజ్‌గిరిలో మా యింటి వెనుక ఒక చిన్న రేకుల కొట్టు కలదు. గేటు బందు విరిగినను, మంచము కోడు ఊడినను అక్కడనే బాగుచేసికొందుము. సమీపముననున్న లాలాగూడ రైల్వే కార్ఖానా 1893 నాటిది. ఇనుప పని ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. అయినను అతుకు పెట్టవలసినప్పుడెల్ల వస్తువును మోసికొని బజారునకు పోవలసివచ్చెడిది. ఈ బాధ తీరుటకై వెల్డింగు యంత్రమును కొనదలచి సికిందరాబాదు రాణీగంజునకు వెళ్లితిమి.

అంగడిలో మొదట చూపినది 400 ఆంపియర్ల యంత్రము. పెద్ద అంకెను చూడగానే మాకు ఆశ పుట్టినది. ప్రక్కన రాడ్లు కొనుచున్న ఒక వృద్ధుడు మమ్ము చూచి, “సారూ, మిషన్ సంగతి తర్వాత. మీ ఇంట్ల తీగె ఎంత మోస్తదో ముందుగాల చూస్కోండ్రి” అనెను. వట్టి చేతులతో తిరిగివచ్చితిమి.

వచ్చి చూడగా, కొట్టునకు పోవు తీగె ఒక దీపమునకును ఫ్యానునకును వేసిన సన్నని తీగె! ఆ యంత్రమును తెచ్చి తగిలించియున్నచో తీగె గోడలోనే కాలియుండెడిది.

అప్పుడు లెక్క వేసికొంటిమి. ఇంటి పనులకు 2.5 మిల్లీమీటర్ల రాడ్డు చాలును. దానికి కావలసినది 60 మొదలు 90 ఆంపియర్లు. 80 ఆంపియర్లతో అతుకునప్పుడు రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ సుమారు 23 వోల్టులుండును. అనగా 1,840 వాట్లు. యంత్రములోని నష్టములను కలుపుకొన్నచో 230 వోల్టుల గృహవిద్యుత్తునుండి 10 మొదలు 14 ఆంపియర్లు లాగును. మంచి తీగెగల 16 ఆంపియర్ల సాకెట్టు దీనిని మోయగలదు. అదే 130 ఆంపియర్లతో అతికినచో ఆ సాకెట్టు చాలదు.

యంత్రములు రెండు విధములు. ట్రాన్స్‌ఫార్మరు యంత్రము బరువైనది, మొండిది, ధూళికి వెరవదు. ఇన్వర్టరు యంత్రము విద్యుత్తును సెకనుకు వేలకొలది పర్యాయములు మార్చుటచే చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో పని జరుపుకొనును. ఒక చేతితో ఎత్తవచ్చును. కాని ఇనుప పొడి లోపలికి పోయినచో చెడును.

రేకుపై ఆంపియర్ల ప్రక్కన శాతమొకటి వ్రాసియుండును. 60 శాతమనగా 10 నిమిషములలో 6 నిమిషములు అతికి 4 నిమిషములు ఆపవలెనని భావము. ఆ లెక్క 40 డిగ్రీల సెల్సియస్ వేడిమికి కట్టినది. మన వేసవిలో రేకుల క్రింద అంతకు మించిన వేడి ఉండవచ్చును గనుక, ఇంకను ఎక్కువసేపు ఆపుట మంచిది.

మరల వెళ్లి 200 ఆంపియర్ల ఇన్వర్టరు యంత్రమును కొని, దానిని 80 దాటనీయక వాడుచున్నాము. మిగిలిన సొమ్ముతో కొట్టునకు వేరుగ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెయు, ఎర్తును వేయించితిమి. నల్లని అద్దముగల ముఖకవచమును, తోలు చేతొడుగులను తెచ్చితిమి. ఆ వెలుగును వట్టి కంటితో చూచినవారికి కొన్ని గంటల పిదప కంటిలో ఇసుక పోసినట్లగును. పొరుగు పిల్లలు తొంగిచూతురు గనుక కొట్టు వాకిట తెర కట్టితిమి.

మొదట అతికినది గేటు బందు. అతుకు అందముగ లేదు గాని గేటు నిలిచినది. యంత్రము కొనదలచువారికి మేము చెప్పునది ఆ వృద్ధుని మాటయే: ముందు ఇంటి తీగెను చూచుకొనుడు.