ప్రాచీనుల గోష్ఠి – నేటి గ్రామసభ



ప్రాచీన నాగరికతలలో ప్రజలు ఎట్లు పాలింపబడిరి, ఎట్లు జీవించిరి, వారి జాడలు మన బ్రతుకులలో ఇంకను ఏమి మిగిలియున్నవి అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరిరి. ఈ మాట వినగానే మన మనస్సు ఈజిప్టు పిరమిడ్లకో, బాబిలోను ప్రభువైన హమ్మురాబి తన ధర్మములను చెక్కించిన నల్లరాతికో, రోము నగరపు సెనేటు సభకో పరుగెత్తును. అవియు తెలిసికొనదగినవే. కాని ఈ సాయంకాలము మిమ్ములను అంతదూరము తీసికొనిపోను. తెనాలిలో రేపల్లె బండి ఎక్కి, వేమూరు దాటి, భట్టిప్రోలు స్టేషనులో దిగిన చాలును.

ఇందులకు ఒక కారణము కలదు. నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో బోధించితిని. ఒకనాడు రోము చరిత్ర చెప్పుచుండగా వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, మన ఊళ్ల సంగతి చరిత్రలో ఏమీ లేదాండీ?" అని యడిగెను. వాని స్వగ్రామము భట్టిప్రోలునకు కూతవేటు దూరము. నేనేమంటిని? "కూర్చోరా, అది పరీక్షలో రాదు" అంటిని. ఆ మాట నేటికిని నన్ను ముల్లువలె పొడుచుచున్నది. ఆ పిల్లవానికి ఆనాడు ఈయని జవాబును నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

భట్టిప్రోలులో ఒక దిబ్బ యుండెను. దానికి జనులు పెట్టుకొనిన పేరు సభలో ఉచ్చరింపదగినది కాదు. కావున దిబ్బయనియే అందును. 1892వ సంవత్సరమున అలెగ్జాండరు రే అను పురాతత్త్వ శాఖాధికారి దానిని త్రవ్వించెను. అది ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపమని తేలినది. దాని గర్భమున మూడు రాతి పేటికలు దొరికినవి. వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యములు, రంగురాళ్ల పూసలు ఉండెను. వానితోబాటు బుద్ధదేవుని ధాతువులని ఆనాటివారు భక్తితో నిక్షేపించిన యస్థిశకలములు ఉండెను. మెరుగు పెట్టిన స్ఫటికమును తొలుచు పనివాడు, బంగారమును పూరేకులుగా సాగగొట్టు కంసాలి, ముత్యములమ్ము వర్తకుడు, ఇటుక కాల్చువాడు, రాయి చెక్కువాడు – వీరందరును ఈ నల్లరేగడి నేలమీద ఇరువది శతాబ్దములకు పూర్వమే జీవించిరని ఆ పేటికలు సాక్ష్యమిచ్చుచున్నవి.

అంతకంటె విలువగలవి వానిపైని యక్షరములు. వానిని చదివి లోకమునకు తెలిపినవాడు బ్యూలర్ పండితుడు. అవి క్రీస్తునకు పూర్వము మూడవ, రెండవ శతాబ్దుల నాటివని పండితుల మతము. భాష తెలుగు కాదు, ప్రాకృతము. లిపి బ్రాహ్మీలిపిలో ఒక ప్రత్యేక భేదము. అశోకుని శాసనములలో హల్లు వ్రాసినచో అందులో అకారము తానై యుండును. భట్టిప్రోలు లేఖకుడు మాత్రము అకారమునకు వేరుగా నొక గీటు పెట్టెను. మనము పలకమీద "క"కు తలకట్టు పెట్టించునపుడు చేయునది అటువంటి పనియే కదా! ఇందుండియే తెలుగులిపి పుట్టినదని తొందరపడి చెప్పరాదు గాని, ఆ గీటును చూచినపుడు పలకా బలపముతో జీవితము గడపిన నా వంటివానికి ఒడలు పులకరించును.

ఇక ఆ యక్షరములు చెప్పునదేమి? అచట కుబిరకుడు, అనగా కుబేరకుడు, అను రాజు పేరు కలదు. ఆ రాజును గూర్చి మనకు తెలిసినది ఈ పేటికల వలననే. రాజు పేరు దొరకగానే ఆయన యుద్ధములెన్ని, విజయములెన్ని, బిరుదులెన్ని యని వెదకుదుము. అవి యేవియు లేవు. ఒక పేటికపై నిగమమునకు చెందినవారు ఈ పేటికను, స్ఫటికపు భరిణెను, రాతి భరిణెను ఇచ్చిరనియు, వారికి రాజు ప్రముఖుడనియు, ఆ కుబేరకుడు సింహగోష్ఠికి పెద్దయనియు వ్రాసియున్నది. నిగమమనగా వర్తకులును వృత్తిపనివారును కూడిన పట్టణసంఘము. గోష్ఠియనగా ఒక కార్యము నిర్వహించుటకు ఏర్పడిన సభ. నేటి మాటలో కమిటీ. అనగా రాజు "నేనిచ్చితిని" అని చెప్పించుకొనలేదు. పదిమందితో కూడి ఇచ్చెను, వారిలో మొదటివాడుగా నిలిచెను.

మరియొకచోట నిగమసభ్యుల పేర్లు వరుసగా చెక్కబడియున్నవి. తిసో, సమణదాసో మొదలుగా ఇరువదిమంది వరకు కలరు. వారు చక్రవర్తులు కారు, సేనాపతులు కారు. కురుడను గృహస్థుడు తన తండ్రితో, తల్లితో కూడి ఇచ్చిన పేటిక వేరొకటి. నందపురమను ఊరి స్త్రీల దానమును ఒక స్ఫటికఖండముపై ప్రత్యేకముగా వ్రాసిరి. ధనమిచ్చిన వారెవరో, పని నడపిన వారెవరో చెరగకుండునట్లు వ్రాసి, ఆ వ్రాతను పుణ్యవస్తువుతోబాటు నిక్షేపించిరి.

ఇది నేటి ప్రజాప్రభుత్వమే యని నేననను. పూర్వులను ఆకాశమున కెత్తుట చరిత్ర కాదు. ఆ పట్టికలో పొలము దున్నినవాడున్నాడో, ఇటుక మోసిన కూలివాడున్నాడో మనము చెప్పజాలము. కాని పదిమంది పని పదిమంది పేరుమీద, వ్రాతపూర్వకముగా జరుగవలెనను నియమము ఆనాటికే ఇచట నాటుకొనియుండెను. ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము లెక్కలను గూర్చినది. దానికై కొంచెము దక్షిణమునకు, కాంచీపురము చెంతనున్న ఉత్తరమేరూరునకు పోవలెను. అచటి గుడిగోడలపై చోళరాజగు పరాంతకుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో, గ్రామసభా నియమములు చెక్కబడినవి. ఊరిని ముప్పది భాగములు చేసి, అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి, కుండలో వేసి, అభము శుభము తెలియని పసివానిచేత ఒక్కొక్క చీటి తీయించి సభ్యులను ఏర్పరచెడివారు. చెరువుల కమిటీ, తోటల కమిటీ మున్నగునవి వేరువేరుగా నుండెను. ఒకసారి కమిటీలో పనిచేసి లెక్క ఒప్పగింపనివానికి మరల స్థానము లేదు. వానికే కాదు, వాని దగ్గర బంధువులకును లేదు! అది బ్రాహ్మణ అగ్రహారము. భూమి, ఇల్లు, చదువు గలవారికే అందు ప్రవేశము. ఆ లోపమును దాచనక్కరలేదు. అయినను లెక్క చెప్పనివాడు పెద్దరికమునకు తగడను మాటను వారు రాతిపై చెక్కించిరి.

మూడవ పాఠమునకు మరల మన తీరమునకు వత్తము. బాపట్లకు నైరుతిగా, నేటి బాపట్ల జిల్లాలోనే, సముద్రపుటొడ్డున మోటుపల్లి యున్నది. ఒకప్పుడది గొప్ప రేవు. అచటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసన స్తంభమున్నది. గాలివానకు దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారట. ప్రాణములకు తెగించి సముద్రముమీద వచ్చిన వర్తకులకు అట్టి యన్యాయము తగదని తలచి, గణపతిదేవుడు నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు గైకొననని మాట యిచ్చెను. సుంకము ముప్పదింట నొక వంతు. చందనమునకు, కర్పూరమునకు, దంతమునకు, మిరియములకు ఇంతింతయని పట్టిక కూడ చెక్కించెను. రాజు ప్రజలను శాసించుట వింత కాదు. రాజు తన చేతిని తానే కట్టివేసికొని, ఆ కట్టును రేవులో నందరును చదువునట్లు నిలిపినాడు.

పని నడపువారి పేర్లు పదుగురికి తెలియవలెను. వ్యయమునకు లెక్క చెప్పవలెను. పన్నునకు హద్దు ముందుగా వ్రాసియుండవలెను. ఈ మూడు సూత్రములే పూర్వులు మనకిచ్చిన యాస్తి. కోటలు పోయినవి. రేపల్లె ప్రాంతమున వెలనాటి చోడుల రాజధానియై వెలిగిన చందవోలు నేడు పల్లెటూరు. మోటుపల్లికి ఓడలు రావు. కాని ఆ సూత్రములు చావలేదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభ బి. ఎన్. శర్మగారి యధ్యక్షతన కూడినపుడు, ఆజ్ఞాపించుటకు రాజు లేడు; నానా జిల్లాల ప్రతినిధులు కూర్చుండి తర్కించిరి. అచట మొలచిన కోరిక నలుబదియేండ్లకు, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్రమై ఫలించినది. అదియు ఒక గోష్ఠియే.

నేటి మన గోష్ఠి గ్రామసభ. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణమును, 1994నాటి పంచాయతీరాజ్ చట్టమును దానికి ప్రాణము పోసినవి. సంవత్సరపు లెక్కలు, ఆడిటు నివేదిక, చేయదలచిన పనులు, వేయదలచిన క్రొత్త పన్నులు – ఇవి గ్రామసభ యెదుట ఉంచవలెనని చట్టము. ఇందు స్థానమునకు భూమి యక్కరలేదు, కులమక్కరలేదు, ఆడ మగ భేదము లేదు. ఉత్తరమేరూరు లోపమును మన చట్టము దిద్దినది. మరి మనము?

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఉద్యోగము చాలించి ఇంట నున్న మొదటి సంవత్సరమున ఒక యుదయము గ్రామసభ యని పిలుపు వచ్చెను. పోయితిని. పదిమందియైన లేరు. ఎండ ముదురుచుండెను. "మాస్టారూ, మీరెందుకండీ కూర్చోవడం, ఇక్కడ సంతకం పెట్టి వెళ్లండి" అని ఒకరు పుస్తకము చేతికిచ్చిరి. పెట్టి వచ్చితిని. కొన్ని నెలలకు ఏదో పనిమీద ఆ పుస్తకమును మరల చూడవలసివచ్చెను. లెక్కలు చదివి వినిపింపబడినవనియు, సభ్యులు ఏకగ్రీవముగా ఆమోదించిరనియు అందు వ్రాయబడియుండెను. దానిక్రింద ముత్యములవంటి యక్షరములతో నా సంతకము! వినని లెక్కకు సాక్షినైతిని. వ్రాసినవారిని నిందింపను, చదువుకొన్నవాడను, చదువక సంతకము చేసినవాడను నేను. సమణదాసుని పేరు రెండువేల యేండ్ల తరువాతను నిజము పలుకుచున్నది. నా పేరు ఆరు నెలలలోనే అబద్ధమాడినది.

భట్టిప్రోలు స్తూపము సంగతి పూర్తిగా చెప్పలేదు. రే దొర వచ్చునాటికే అది సగము కొల్లబోయినది. శత్రువులెవరును కొల్లగొట్టలేదు. ఇటుకలు రోడ్డు పనికి పోయినవి. చెక్కిన పాలరాళ్లు కాలువ కట్టడములకు పోయినవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప వచ్చిన ఆ కాలువలే మన డెల్టాకు అన్నము పెట్టినవి. వానిని తూలనాడుటకు నోరు రాదు. కాని రాయి దగ్గరగా, చవుకగా దొరకినది గదాయని తీసికొనిరే గాని, దానిపై నేమున్నదో అడిగినవారు లేరు. ఇప్పుడును గుడి జీర్ణోద్ధారణ పేర శాసనముపై సున్నము పూయుచున్నాము, సిమెంటు మెత్తుచున్నాము. వినని లెక్కపై సంతకము చేయుటయు అట్టిదే. మొదటిది పూర్వుల వ్రాతను చెరుపును. రెండవది మన వ్రాతకు విలువ లేకుండ చేయును.

కావున పెద్దలారా, మీకు నాదొక మనవి. మీ యూరి గుడిలో అక్షరములున్న రాయి కలదేమో చూడుడు. ఉన్నచో సున్నము పూయనీయకుడు. పురావస్తు శాఖవారికి ఒక కార్డు వ్రాయుడు. రాబోవు గ్రామసభకు పోవునపుడు మనుమనినో మనుమరాలినో వెంట తీసికొనిపొండు. లెక్క బిగ్గరగా చదువుమని ఆ పిల్లలచేతనే అడిగించుడు. చదివిన పిదపనే సంతకము చేయుడు. పెద్దవారు మీరు అడిగినచో ఎవరును కాదనలేరు. ఆ తప్పు తరువాత నేను పోయిన ప్రతి సభలోను అట్లే చేయుచున్నాను; సభ ఆలస్యమగును, కొందరు విసుగుకొందురు, కాని లెక్క చదువబడును.

వెనుక బల్లమీది ఆ పిల్లవాడు నేడు ఎక్కడ నున్నాడో, నా మాట వినుచున్నాడో లేదో! వినుచున్నచో, నాయనా, నీ ప్రశ్నకు జవాబిది: మన ఊళ్ల సంగతి చరిత్రలో ఉన్నది. అది పరీక్షలో రాదని చెప్పుట నా పొరపాటు. గ్రామసభ జరిగిన ప్రతిసారియు ఆ పరీక్షయే జరుగుచున్నది.

సెలవు. స్వస్తి.