ఎక్స్‌రే మెషీన్ కొంటున్నారా? కొటేషన్‌లో లేని లెక్క ఇది!

బీడీఎస్ అయిపోయి సొంత క్లినిక్ పెడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మెసేజ్‌లలో ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆర్‌వీజీ సెన్సర్ ఏది కొనాలి, ఎంతవుతుంది?" అని. ఏ కంపెనీ మంచిదో ఈరోజు చెప్పను. నేను ఎంత పోగొట్టుకున్నానో చెప్తాను. అది ఎక్కువ పనికొస్తుంది.

మా క్లినిక్ పెట్టిన కొత్తలో గోడకి బిగించే ఎక్స్‌రే మెషీన్ ఉండేది, ఫిల్ముతోనే నడిపేవాణ్ణి. తర్వాత డిజిటల్ సెన్సర్ కొందామని రెండు కొటేషన్లు తెప్పించాను. ఒకటి పన్నుతో కలిపి 2,10,000, మూడేళ్ల వారంటీ. రెండోది 1,10,000 ప్లస్ 12 శాతం జీఎస్టీ, అంటే 1,23,200. వారంటీ ఏడాది. ఏది కొన్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. దానికోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టాను. "ఆరు నెలల్లో విడిపించేస్తానమ్మా" అన్నాను.

ఇక్కడ ఒక మాట. ఆ జీఎస్టీ మనకి తిరిగి రాదు. షాపు వాళ్లయితే కట్టిన పన్నుని అమ్మకం పన్నులో తగ్గించుకుంటారు. వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది, అందుకే ఆ సేవల కోసం కొన్నవాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ మనకి దొరకదు. మెడికల్ పరికరాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి చాలావాటికి 5 శాతానికి తగ్గింది, మంచిదే. కానీ ఎంత కట్టినా అది మన ఖర్చే. కొటేషన్‌లో "ట్యాక్స్ ఎక్స్‌ట్రా" అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆగి లెక్కేసుకోండి.

సరే, సెన్సర్ వచ్చింది. బొమ్మ అదిరిపోయింది. పేషెంట్లు స్క్రీన్ మీద తమ పన్ను చూసుకుని "అబ్బో" అనేవాళ్లు. 14వ నెలలో ఒకరోజు తెర మీద గీతలు గీతలు. సెన్సర్‌కి వైరు కలిసే చోట లోపల తెగింది. పేషెంటు కొరుకుతారు, మనం లాగుతాం, అసిస్టెంటు చుట్టచుట్టి డ్రాయర్‌లో పెడతాడు. ముందు పోయేది ఆ వైరే. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "రిపేరు కాదు సార్, ఎక్స్‌ఛేంజ్‌లో 72,000కి కొత్తది ఇస్తాం" అన్నాడు. గాజులు అప్పటికింకా బ్యాంకులోనే ఉన్నాయి.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. రోజుకి నాలుగు ఎక్స్‌రేలు, నెలకి పాతిక రోజులు, 14 నెలలు. మొత్తం 1,400. ఒక్క సెన్సర్ ఖరీదే ఎక్స్‌రేకి 88 రూపాయలు పడింది! నేను తీసుకునేది 150. కానీ రూట్ కెనాల్‌కి మూడు నాలుగు తీస్తాం, వాటికి విడిగా తీసుకోం కదా. అంటే సగం ఎక్స్‌రేలకి పైసా రాదు. కంప్యూటరు, యూపీఎస్, హోల్డర్లు, నోట్లో పెట్టే ప్రతిసారీ మార్చే కవర్లు ఇందులో కలపనే లేదు. ఆ 2,10,000 సెన్సర్ వారంటీ ఉన్న మూడేళ్లే పనిచేసి పోయిందనుకోండి, 3,600 ఎక్స్‌రేలు, ఒక్కోదానికి 58. ఖరీదు అని వదిలేసిందే నాకు చవక!

కాబట్టి ధర ఒక్కటే అడక్కండి. వైరు వారంటీలో ఉందా? విడిగా మార్చొచ్చా? ఏఎమ్‌సీనా, సీఎమ్‌సీనా? మామూలుగా ఏఎమ్‌సీ అంటే మనిషి వచ్చి చూస్తాడంతే, సీఎమ్‌సీలో విడిభాగాలూ ఉంటాయి. అందులోనూ సెన్సర్‌ని మినహాయిస్తారేమో కాగితం మీద చూసుకోండి. సాఫ్ట్‌వేర్ ఇంకో కంప్యూటర్‌లో వేసుకోడానికి మళ్లీ డబ్బులా? పాత బొమ్మలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయా? ఇవన్నీ వాట్సాప్‌లో కాదు, బిల్లు మీద రాయించుకోండి. ఎక్స్‌రే మెషీన్‌కి ఏఈఆర్‌బీ ఈ-లోరా పోర్టల్‌లో అనుమతి తప్పనిసరి. క్వాలిటీ టెస్టు ఖర్చూ మనదే.

పోయిన ఏడాది ఓపీజీ మెషీన్ అమ్మడానికి ఒకబ్బాయి వచ్చాడు. పది లక్షల లోను, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఈఎమ్ఐ దగ్గర దగ్గర 21,750. "రోజుకి రెండు రాసుకుంటే చాలు సార్, దానంతటదే కట్టేసుకుంటుంది" అన్నాడు. ఆ "రాసుకుంటే" దగ్గర ఆగిపోయాను. ఒక నెలంతా నోట్‌బుక్‌లో గీతలు పెట్టాను, నిజంగా ఓపీజీ అవసరమై స్కాన్ సెంటర్‌కి పంపింది ఎంతమందినని. పదకొండు మంది. ఒక్కోటి 500 అనుకున్నా 5,500. మిగతా పదహారు వేలు ఎక్కడినుంచి తెస్తాను? అవసరం లేని దవడల నుంచి తేవాలి. వాళ్లకి డబ్బూ పోతుంది, రేడియేషనూ తగులుతుంది. నేను చెడ్డవాణ్ణని కాదు, ఐదో తారీకు దగ్గరకొస్తే చెయ్యి దానంతటదే రాస్తుందేమోనని భయం. కొనలేదు. ఇప్పటికీ పక్కవీధి స్కాన్ సెంటర్‌కే పంపిస్తున్నా.

అన్నట్టు, గాజులు విడిపించాను. ఆరు నెలలన్నది రెండేళ్లు పట్టింది. మీ దగ్గర కొటేషన్ ఉంటే కంపెనీ పేరు చెరిపేసి కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కో లైనూ చదువుదాం. ఉంటాను మరి.