పాత మోటారుకారు బేరము



పూర్వము మన పల్లెలలో ఎద్దుల బేరము జరుగునపుడు కొనువాడు పండ్లు లెక్కించును, సుళ్లు చూచును, కాడి కట్టి నడిపించి చూచును. నేడు అదే యరుగుపై మోటారుకారు బేరము జరుగుచున్నది. కారునకు పండ్లు లేవు, సుళ్లు లేవు. రంగు మాత్రము కలదు. ఆ రంగు చూచి మూడు నాలుగు లక్షలు చెల్లించి, నెల తిరుగకముందే దారిలో నిలిచిపోయిన బండికి కాపలా కాయువారిని నేను పలువురిని ఎరుగుదును. అట్టివారికి శాసనము ఎంతవరకు అండయగునో నేడు మనవి చేసెదను.

మన ధర్మశాస్త్రకారులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. కొని పిమ్మట పశ్చాత్తాపపడుటను క్రీతానుశయ మని పేర్కొని, దాని కొక వివాదపదమునే ఏర్పరచిరి. యాజ్ఞవల్క్యుడు పరీక్షకు గడువులు విధించెను: ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు, బరువు మోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. కారు ఇనుమా, వాహ్యమా యని నన్నొక మిత్రుడు ప్రశ్నించెను. ఇనుమైనచో పాపము ఒక్క దినమే గడువు!

నేటి శాసనమున అట్టి గడువు లేదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము కొనువాడే చూచుకొనవలెను. వర్తకుడు అమ్మినపుడు మాత్రము సరకు మంచిదై యుండవలెనను షరతు, నోట చెప్పకున్నను, చెప్పినట్లే యగును. పొరుగూరి యుద్యోగి తన సొంతకారును అమ్మినచో ఆ షరతు వర్తింపదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము సైతము వర్తకులను ఉద్దేశించినదే. కావున మీకు అమ్మినవాడు కార్లు కొని యమ్ముచు జీవించువాడా, కాదా యని మొదట విచారింపుడు. అట్టివాడైనచో రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షలకు మించనిచో అచట రుసుము లేదు.

వర్తకుడు కానివాని విషయమున మనకు మిగిలిన గట్టి ఆధారము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. అందు మోసమును నిర్వచించుచు గుఱ్ఱపు దృష్టాంతములు చెప్పిరి. గుఱ్ఱమునకు జబ్బున్నదని యెరిగియు అమ్మువాడు ఊరకున్నచో అది మోసము కాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన స్వంత కుమార్తె యైనచో తండ్రి చెప్పి తీరవలెను. “నీవు కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదని తలంతును” అని కొనువాడు పలికినపుడు అమ్మువాడు మౌనము వహించినచో ఆ మౌనము మాటతో సమానము. నా మట్టుకు ఈ మూడవ దృష్టాంతము ప్రతి రచ్చబండపైనను వ్రాయదగినది. అడుగనివానికి శాసనము చేయు సాయము మిక్కిలి స్వల్పము.

మరియొక సూక్ష్మము. మౌనముచే మోసగించినవాడు “కొంచెము శ్రద్ధతో చూచిన నీకే తెలిసియుండెడిది” అని వాదింపవచ్చును. నోరు తెరచి అబద్ధమాడి మోసగించినవానికి ఆ వాదము చెల్లదు.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిగినవి. వీధులలోని కార్లును మునిగినవి. మరుసటి యేడు నా శిష్యుడైన ఒక రైతు, కూతురి చదువునకై దాచిన మూడున్నర లక్షలతో అట్టి కారొకటి కొనెను. వరదలో తడిసినదా యని అతడు ఫోనులో వ్రాసి యడుగగా, వానచినుకు తప్ప వేరు నీరెరుగదని జవాబు వచ్చెను. రెండు నెలలకు దీపములు వెలుగవు, యంత్రము కదలదు. మెకానిక్కు అడుగున పరచిన చాపను ఎత్తగా ఒండ్రుమట్టి కనబడెను. ఆ వరద దినములలోనే ఈ బండిని ఈడ్చుకొని తెచ్చిరని మరమ్మతుశాల లెక్కలలో నుండెను.

“మాస్టారూ, ఇప్పుడేమి దారి?” అని అతడు వచ్చినపుడు, మొదట ఆ బండిని నడుపుట మానుమంటిని. మోసము తెలిసిన పిదపను వాడుకొనుచున్నచో, బేరమును ఒప్పుకొన్నట్లే యని ఎదుటిపక్షము వాదించును. మరమ్మతు చేయించి సాక్ష్యమును చెరుపరాదు. మెకానిక్కుచే లోపములు వ్రాయించి సంతకము తీసికొనవలెను. జవాబు వచ్చిన ఫోనును భద్రపరుపవలెను. దానిలోని మాటలను కోర్టులో చూపుటకు 2023 నాటి సాక్ష్య చట్టము 63వ విభాగము ప్రకారము ధ్రువపత్రము కావలెను. అటుపిమ్మట న్యాయవాదిచే నోటీసు వ్రాయించి, బేరమును రద్దు చేయుచున్నానని, కారు తీసికొని సొమ్ము మరల నిమ్మని స్పీడుపోస్టులో పంపవలెను.

దావాకు గడువు మూడేండ్లు. మోసము విషయమున అది బయటపడిన నాటినుండి లెక్క. కాని దావాకు ముందు మండల న్యాయసేవా సంఘమునకు అర్జీ పెట్టుకొని లోక్ అదాలతునకు పోవుట మేలు. అచట కోర్టు రుసుము లేదు. రాజీ కుదిరినచో ఆ తీర్పు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. నా శిష్యుని వ్యవహారము అచటనే తీరెను. మూడు లక్షల పదివేలు చేతికి వచ్చెను. తక్కిన నలువదివేలు పోయినవి. కొందరు అది ఓటమి యనిరి. నేనట్లు తలపను, దావాయే వేసినచో కూతురి చదువు ముగియునప్పటికిని సొమ్ము వచ్చునో రాదో.

పోలీసువారి వద్దకు పోదుమా యని అడుగువారు కలరు. బేరము నాడే మోసగింప దలచెనని చూపగలిగినచో భారతీయ న్యాయ సంహిత 318వ విభాగము వర్తించును. కాని పాతబండికి వచ్చు ప్రతి రోగమును వంచన కాదు. కేవలము సొమ్ము రాబట్టుటకు కేసు పెట్టుట నాకు సమ్మతము కాదు.

ఇక వర్తకుడైనను కాకున్నను, అమ్ముటకు హక్కు తనకు కలదని అమ్మువాడు పూచీపడినట్లే శాసనము భావించును. దొంగబండి యైనచో, ఎంత కాలము నడిచినను సొమ్ము మరల అడుగవచ్చును. ఆర్.సి. పుస్తకమున బ్యాంకు పేరున్నచో బాకీ తీరినట్లు బ్యాంకు ఇచ్చు పత్రము చేతికి రానిదే బయానా యీయకుడు. అమ్మువారికిని ఒక మాట: రాష్ట్రములోపలి అమ్మకమైనచో పదునాలుగు దినములలోపల మీరు, ముప్పది దినములలోపల కొన్నవాడు రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. పుస్తకమున మీ పేరే నిలిచియున్నచో, ఆ బండి ఎవరినైన గ్రుద్దినపుడు యజమాని మీరే యని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది.