మంచం మీదున్నా హక్కు హక్కే
(భవానీపురంలో మాట్లాడిన మాటలు)



పక్షవాతమొచ్చి మా అమ్మమ్మ రెండేళ్ళు మంచంలోనే ఉంది. ఇంటికొచ్చి సూది వేసినామెని "ఇదేం మందమ్మా?" అని అడిగా. "చెప్తే నీకు అర్థమవుద్దా?" అంది. డిగ్రీ చదివినోణ్ణి, నోరు మూసుకున్నా. యానాదోళ్ళం కదా, ఇంటిదాకా రావడమే గొప్పనుకున్నాం.

అది దయ కాదు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకంలోనే మంచం పట్టినోళ్ళని ఇంటికొచ్చి చూడాలని పెట్టారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తెచ్చిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బేంటో మనకర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, ఖర్చు ముందే అడగడం, కాగితాలు తీసుకోవడం, ఇంకో డాక్టర్‌ని అడగడం, కులం పేరుతో వివక్ష లేకపోవడం అందులోవే. ప్రాణం మీదకొస్తే తప్ప, రోగి ఒప్పుకోకుండా వైద్యం చెయ్యకూడదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఈ హక్కులు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతాయా? మన గుడిసెలోకీ రావాలి.

ఇంటికొచ్చే ఆశా అక్క, ఏఎన్ఎమ్ అక్క మన శత్రువులు కాదు. వాళ్ళకీ పని బరువే. మంచినీళ్ళివ్వండి, కూర్చోబెట్టండి. కానీ అడగండి: ఏం మందు? ఎందుకు? కాగితం మీద రాసిస్తారా?

మా అమ్మమ్మ కోసం నేను అడగలేకపోయా. మీరు అడగండి.