ఇంటి చదువు – వీధి బడి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను విదురనీతిని గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరిరి. విదురుడు మఱియొక సంవత్సరము వేచియుండగలడు. మన ఊరి బడి వేచియుండలేదు. కావున వారి అనుమతితో విషయమును మార్చుకొంటిని. నేను పండితుడను గాను. సహకార సంఘములో పద్దులు వ్రాసి జీవించువాడను. నాకు తెలిసిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బీరువా యెదుట కూర్చుండి, ఒక చేత భారతమును, రెండవ చేత శబ్దరత్నాకరమును పట్టుకొని నేర్చుకొన్నవే. కనుక నేను చెప్పబోవునది శాస్త్రచర్చ కాదు. లెక్క చూచి చెప్పెడి మాట.

ఈ రెండేండ్లుగా మన రచ్చబండ మీదను, ఈ గ్రంథాలయపు వసారాలోను ఒకటే వాదము నడచుచున్నది. కలిగినవారు పిల్లలను తెల్లవారకముందే వ్యానెక్కించి పట్టణపు కాన్వెంటునకు పంపుచున్నారు. అది పాత సంగతి. క్రొత్త సంగతి యేమనగా, కొన్ని కుటుంబములవారు ఏ బడియు వలదు, ఫోనులో పాఠములున్నవి, ట్యూషను చెప్పువారున్నారు, పిల్లలను ఇంటనే చదివింతుమనుచున్నారు. వారి వాదమునకు ముఖ్యమైన ఆధారమిది: ‘పూర్వము మన పెద్దలకు సర్కారు బడు లెక్కడివి? అందఱును ఇంటనే చదువుకొనలేదా?’

ఇది అభిప్రాయము కాదు, లెక్క. లెక్కకు కాగితము కావలెను. ఆ కాగితము ఉన్నది.

1822వ సంవత్సరములో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులు కలవో, అందు ఎందఱు చదువుచున్నారో వ్రాసి పంపుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. మన్రో మన సీమకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వఱకు దత్త మండలములకు కలెక్టరుగా ఇక్కడనే తిరిగినవాడు. 1827లో పత్తికొండలో విషూచి సోకి మరణించినవాడు. మన అనంతపురము అప్పటికి వేఱు జిల్లా కాదు, 1882 వఱకు బళ్ళారి జిల్లాలోని భాగమే. కావున బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన జవాబు మన తాతముత్తాతల చదువుల పద్దు అని చెప్పవచ్చును.

ఆ పద్దు ప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొను పిల్లలు 6,641 మంది. నేను భాగహారము చేసి చూచితిని. 140 మందికి ఒక్కడు. మద్రాసు రాజధాని మొత్తము మీద 12,498 బడులలో 1,88,650 మంది, అనగా సుమారు 68 మందికి ఒకడు. మన సీమ ఆనాడే సగమునకు వెనుకబడియుండెను. మొత్తము విద్యార్థులలో బాలికలు 4,540 మంది మాత్రమే.

ఆ బడులు ఎట్లుండెడివో క్యాంబెల్ వివరముగా వ్రాసినాడు. ఉదయము ఆఱు గంటలకే పిల్లలు చేరవలెను. అందఱికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వాడు మెప్పునకును కాడు, నిందకును కాడు అని దాని భావము. మూడవవానికి చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవారికి అట్లే పెరుగుచుండెడివి. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించెడివారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పెడివారు. ఈ పద్ధతినే మద్రాసు అనాథ బాలుర ఆశ్రమములో ఆండ్రూ బెల్ అను దొర ప్రయోగించి, 1797లో లండనులో పుస్తకము ప్రకటింపగా, అది ‘మద్రాసు పద్ధతి’ అను పేర ఇంగ్లండులో వ్యాపించినది. మన వీధి అరుగు మీది చదువు సముద్రము దాటినదని మనము గర్వింపవచ్చును. అయితే దెబ్బలు కూడ మనవేయని మఱవరాదు.

ఇక ఇంటి చదువు మాట. మన్రో 1826లో వ్రాసిన నివేదికలో దానిని గూర్చియు ఉన్నది. మద్రాసు పట్టణములో బడులలో చదువువారికంటె ఇండ్లలో చదువువారు అయిదింతలకు మించి, 26 వేలకు పైగా నుండిరని లెక్క వచ్చెను. ఆ సంఖ్యలో ఏదో పొరపాటుండవచ్చునని మన్రోయే సందేహించినాడు. అయినను ఇంట చదువుకొనువారు పలువురు కలరని ఒప్పుకొన్నాడు. కాబట్టి మన మిత్రుల మాట కేవలము అబద్ధము కాదు. కాని అదే నివేదికలో ఇంకొక మాట కలదు. కొన్ని వర్గములలో దాదాపు అందఱును చదువుకొన్నవారే. మఱికొన్నిటిలో పదింట ఒక వంతైనను లేరు. ఎందుచేత? ఇంటిలో చెప్పువాడుండిన గదా ఇంటి చదువు. తండ్రికో తాతకో అక్షరము వచ్చిన యింట దీపము నుండి దీపము వెలిగినట్లు చదువు సాగినది. రానియింట తరతరములుగా చీకటియే నిలిచినది. ‘అందఱును ఇంటనే చదువుకొనలేదా?’ అను ప్రశ్నకు ఆ కాగితము చెప్పు జవాబు: అందఱును కాదు.

బడుల సంగతియో? పూర్వము చాల ఊళ్ళలో నున్న బడులు అప్పటికే మూతపడినవని క్యాంబెల్ వాపోయినాడు. సీమనూలు బట్టలు వచ్చి మన నేతగాండ్ర బ్రతుకు చెడెను. పిల్లవాడు చేతికి రాకముందే పనిలోనికి దిగవలసి వచ్చెను. పంతులునకు ఇచ్చుటకు అణాలు లేకపోయెను. జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సాయము లేదని ఆ కలెక్టరు సిగ్గుపడుచు వ్రాసినాడు. తన సర్కారును గూర్చి తానే అట్లు వ్రాసిన ఉద్యోగులు ఏ కాలమునందైనను అరుదు. మన్రో పంతుళ్ళ రాబడి కూడ లెక్కించినాడు. సాధారణముగా నెలకు ఆఱేడు రూపాయలకు మించదు. ఆ కూలికి యోగ్యుడు రాడు. కావున తాలూకా బడి పంతులునకు నెలకు 9 రూపాయలు, జిల్లా బడి పంతులునకు 15 రూపాయలు ఇయ్యవలెనని ప్రతిపాదించినాడు. మఱుసటి యేడు ఆయన పోయినాడు. ఆ బడులును పదేండ్లు నిండకయే ఎత్తివేయబడినవి.

క్యాంబెల్ వ్రాసినవానిలో నా మనస్సునకు గ్రుచ్చుకొన్నది ఒకటి కలదు. ఆ బడులలో పిల్లలు చదువు పుస్తకములు పద్యరూపమున, వ్యవహార భాషకు దూరమైన భాషలో నుండెడివి. పిల్లలు కంఠస్థము చేసెడివారు గాని అర్థము తెలిసికొనరు. చాలచోట్ల చెప్పు పంతులునకును తెలియదు. పద్యమనిన ప్రాణము పెట్టు నాకు ఈ మాట చేదు. అయినను అది నిజము. పద్యము నోటికి రావలెను. అంతకు ముందే అది చెవికెక్కి మనస్సునకు పట్టవలెను. నేటి కాన్వెంటు పిల్లవాడు అర్థము తెలియని ఆంగ్ల గేయమును బంధువుల యెదుట వల్లించునప్పుడు నాకు క్యాంబెల్ దొర జ్ఞప్తికి వచ్చును. పుస్తకము మారినది, రోగము మారలేదు.

ఇంటి చదువునందలి గుణములను నేను తక్కువ చేయను. ధర్మవరపు మగ్గము కడ కూర్చున్న బాలుడు అంచునందలి పోగులను లెక్కించుచు నేర్చుకొను గణితము ఏ పలక మీదను రాదు. ఇంటిలో తొందర లేదు, గంట లేదు, మొదటి వరుస కడపటి వరుస లేవు. తల్లి మాటలోనే చదువు సాగును. రవీంద్రనాథ ఠాకూరునకు బడి గోడలు సహింపలేదు. ఆయన బాల్యపు చదువు చాలవఱకు ఇంటనే జరిగినది. కాని ఆయనకు ఇంటనే గురువులను పెట్టగల సంపద యుండెను. అంతటివాడును తుదకేమి చేసెను? 1901లో శాంతినికేతనమున చెట్లక్రింద బడి పెట్టెను. పదిమంది పిల్లలు కలిసి కూర్చున్నగాని పుట్టని దేదో చదువులో కలదని ఆయన గుర్తించెనని నా ఊహ.

ఒంటరి చదువునందలి లోపము నాకు అనుభవమున తెలియును. ఒంటరిగా చదువువానికి ఎదురు ప్రశ్న వేయువాడుండడు. తప్పు పలికినను పుస్తకము వారింపదు. ఫోను అంతకంటెను వారింపదు. అది పైపెచ్చు తఱువాతి ఆటకు పిలుచును. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు దేశమంతటను ప్రతి యిల్లును బడి కావలసివచ్చెను. దూరదర్శన్‌లో పాఠములు వచ్చెను, ఫోనులో వచ్చెను. ఏమైనదో మనము కన్నులార చూచితిమి. చదువుకొన్న తల్లి యున్న యింట పిల్లలు నిలిచిరి. కూలికి పోవు తల్లి యింట రెండవ తరగతి పిల్ల గుణింతము మఱచినది. రెండు వందల యేండ్ల క్రిందటి పద్దే మరల మన కండ్లముందు వ్రాయబడినది.

ఆడపిల్లల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. అమ్మలారా, మీరు కోపింపరాదు. బడి మాన్పించి ‘ఇంట చదివింతుము’ అన్న పిల్ల మగపిల్లవాడైనచో వాని చేతిలో ఫోను కనబడుచున్నది; ఆడపిల్లయైనచో ఆమె చేతిలో చీపురు కనబడుచున్నది. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగముగారు బాలికలకు పాఠశాల పెట్టినది ఇంటిలో చదువు దొరకదనియే గదా.

చట్టమును గూర్చి కొందఱు అడిగిరి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. 6 మొదలు 14 ఏండ్ల వఱకు ప్రతి బిడ్డకును ఉచితముగా చదువు పొందు హక్కు కలదు. బడికి పోనివారు సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. అది మంచి ఏర్పాటే. పనిలో పడి చదువు తప్పినవారికి అది ఒడ్డు చేర్చు పడవ. వంతెన యుండగా దానిని వదలి పడవ నెక్కుట మాత్రము నాకు వివేకముగా తోచదు.

అయితే బడిని విడిచినవారి ఫిర్యాదులు పెక్కు న్యాయమైనవే. బడిలో దెబ్బలు చట్టము చేత పోయినవి, సంతోషము. కాని అరచేతిలోని సున్న పోలేదు. మెప్పునకును కాక నిందకును కాక, కడపటి వరుసలో కూర్చుండి, పేరు పిలిచిన పలికి, అయిదేండ్లు గడపి, వార్తాపత్రికలోని శీర్షికను కూడబలుక్కొనలేని పిల్లవాడు నేడును కలడు. తండ్రి వానిని చూచియే బడి మీద విసుగు చెందుచున్నాడు. పంతులుగారిని నిందింపవలెనా? పంతులుగారు పాఠము చెప్పు వేళ మధ్యాహ్న భోజనపు లెక్క వ్రాయవలెను, ఫోనులో ఛాయాచిత్రములెక్కింపవలెను, పైవారడిగిన పట్టికలు పంపవలెను. జనగణన, ఎన్నికలు, విపత్తులలో సహాయము తప్ప బోధనేతరమైన పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని అదే చట్టములోనున్నది. లెక్కలు వ్రాయుటకు ఊరిలో నాబోటివారము లేమా? ప్రధానోపాధ్యాయులవారు సమ్మతించినచో ఆ భోజనపు పద్దు ప్రతి శనివారము నేను వచ్చి సరిచూచి పెట్టెదను. కూలి అక్కఱలేదు.

బడికి యాజమాన్య సంఘమని ఒకటి కలదు. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. మన ఊరిలో ఆ సంఘము సంతకముల కొఱకు మాత్రమే కూడుచున్నది. ఇంటనే చదివింపగల ఓపికయు తెలివియు గల తల్లులు ఆ సంఘములోనికి వచ్చి కూర్చుండవలెనని నా ప్రార్థన. మీరు మీ బిడ్డ కొక్కనికి పెట్టు శ్రద్ధలో పావువంతు బడికి పెట్టినచో, కడపటి వరుసలోని పిల్లవాడు ముందుకు వచ్చును. మీ బిడ్డ నష్టపోడు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పాత పద్ధతిని కొంచెము మార్చి తీసికొనవచ్చును. పంతులునకు బదులుగా కాదు, ఆయనకు తోడుగా. ఎక్కములు, నోటిలెక్కలు, కథ చదివి వినిపించుట — ఇవి అయిదవ తరగతివాడు రెండవ తరగతివానికి ముచ్చటగా నేర్పును. నేర్పుచు తాను గట్టిపడును. మన నేతగాండ్రు, వడ్రంగులు, వ్యవసాయము తెలిసిన పెద్దలు నెలకొక్కనాడు బడికి వచ్చి తమ పని చూపవలెను. ఇంటి చదువులోని సారము బడికి రావలెనన్న అదియొక త్రోవ. 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పినది దాదాపు ఇదియే. ఆ యోజన కాగితములలో మిగిలినది.

ఇక ఈ గ్రంథాలయము. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనము కట్టుచున్నాము. కట్టినవారిలో ఇక్కడి గడప త్రొక్కనివారే హెచ్చు. పుస్తకము లేని యింటి బిడ్డకు ఇదియే ఇల్లు. ఇక్కడ దీపమున్నది, బల్లయున్నది, చెప్పువారును ఉండవలెను. కార్యవర్గమువారితో మాటలాడితిని. వచ్చు సోమవారము మొదలు సాయంకాలము ఆఱు మొదలు ఏడున్నర వఱకు వసారాలో పిల్లల పఠనము జరుగును. సర్కారు బడి పిల్లలు, కాన్వెంటు పిల్లలు, ఇంట చదువుకొను పిల్లలు, అందఱును ఒకే చాపమీద కూర్చుందురు. మొదట పంచతంత్ర కథలు, గద్యములోనివే. వాని యర్థము తెలిసినపిదప పద్యములు. మూడు రోజులు నేను చెప్పెదను. మిగిలిన మూడు రోజులకు మనుష్యులు కావలెను. పేర్లు వ్రాసికొనుటకు ద్వారము కడనున్న బల్లమీద పుస్తకమును కలమును ఉంచితిమి. ముందుగా వచ్చినవారి అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను. ఆలస్యముగా వచ్చినవారికి దెబ్బలు లేవు.