పందికొక్కు దొరల నోట పడ్డ కథ

(రొంపిచెర్లలో చేసిన బ్రౌన్ స్మారకోపన్యాసం)



బ్రౌన్ దొర అనగానే వేమన పద్యాలూ, 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువూ గుర్తొస్తాయి. 1854లో ఆయన మిశ్రభాషా నిఘంటువు కూడా అచ్చు వేయించాడు. కచేరీల్లో, వ్యవహారాల్లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు అందులో పీట వేశాడు. ఇవాళ అదే దారిలో ఎదురు నడుద్దాం: ఇంగ్లీషువాళ్ల బజారు మాటల్లోకి మనవి ఎలా చేరాయి?

1611లో ఈస్టిండియా కంపెనీవాళ్లు మచిలీపట్నంలో కొట్టు పెట్టారు. అప్పటినుంచి వాళ్లకు మాటలు నేర్పినవాళ్లు దుబాసీలు, వంటవాళ్లు, బోయీలు, సిపాయిలు. చెవిన పడ్డదాన్ని దొరలు తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. పీర్ల పండక్కి వినపడే ‘యా హసన్, యా హుసేన్’ తెల్ల సోల్జర్ల నోట ‘హాబ్సన్-జాబ్సన్’ అయింది. యూల్, బర్నెల్ కూర్చి 1886లో వెలువడిన ఆంగ్లో-ఇండియన్ మాటల కోశానికి అదే పేరు. బర్నెల్ మన మద్రాసు రాజధానిలో కొలువు చేసినవాడే.

ఊరి పేరు కూడా ఇలాగే మాటైపోయింది. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో సైనిక శిబిరం ఉండేది. కొలువు గడువు ముగిసిన సోల్జర్లు ఇంటికెళ్లే ఓడ కోసం అక్కడే పడిగాపులు కాసేవారు. ఓడలు చలికాలంలోనే నడిచేవి. ఆ అదను తప్పితే నెలల తరబడి ఎండ, జ్వరం, తాగుడు. కొందరికి మతి చలించేది. అందుకే మతి తప్పినవాణ్ణి ఇంగ్లండులో నేటికీ ‘డూలాలీ’ అంటారు.

మొదటి ప్రపంచయుద్ధంలో సోల్జర్లు స్వదేశాన్ని ‘బ్లైటీ’ అని తలుచుకునేవారు. ప్రాణం పోకుండా ఇంటికి పంపించే గాయం కూడా ‘బ్లైటీ’యే. దానికి మూలం ‘విలాయతీ’, అంటే పరదేశపుది. మనం ‘సీమ’ అన్నట్టే. సీమచింత పుట్టిల్లు మెక్సికో వైపు. దొరల సీమతో దానికి చుట్టరికమే లేదు. అయినా పేరు నిలిచింది.

ఇక మన సొంత మాట. పొలం గట్లు తొలిచే పందికొక్కు ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయింది. ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడ పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఓ చిన్న జంతువుకు ఆ పేరే పెట్టేశారు. అంతటితో ఆగలేదు. మొక్క పైన పచ్చగా ఉండగానే కిందినుంచి ఆలుగడ్డలు దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని ‘బాండికూటింగ్’ అన్నారు. పందికొక్కు గుణం తెలిసిన రైతుకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

వీటిలో ఒక్కటీ పండితులు పుట్టించింది కాదు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా పని గడవాల్సినచోట పుట్టాయి. ఎవరో పూనుకుని రాసిపెట్టబట్టి వాటి పుట్టుక మనకు తెలిసింది. నరసరావుపేట బస్టాండులో, మిరపకాయల కల్లాల్లో మీరు వినే మాటల్ని మోటువని కొట్టిపారేయకండి. ఏ ఊళ్లో, ఎవరి నోట, ఏ ఏట విన్నారో నోటుబుక్కులో ఎక్కించండి. బ్రౌన్ దొరకు మనం చెల్లించాల్సిన బాకీ అదే.