రక్తపరీక్ష కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

(స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఈ రోజు ఒక రక్తపరీక్ష గురించే మాట్లాడతాను. ఎందుకంటే ఆ కాగితం ల్యాబ్ నుంచి ఇంటికి చేరాక వైద్య విషయంగా మిగలడం లేదు. స్త్రీ శీలం మీద తీర్పుగా మారిపోతోంది.

పరిశోధనలో భాగంగా నేను కలిసిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. పేరూ ఊరూ చెప్పను. రెండుసార్లు గర్భం పోయింది. డాక్టరు టార్చ్ పరీక్షలు రాశారు. రిపోర్టులో హెర్పిస్ రెండో రకం ఐజీజీ ఎదురుగా 1.4 అన్న అంకె, పక్కన ‘పాజిటివ్’ అన్న మాట ఉన్నాయి. కాగితం ఆమెకివ్వలేదు, భర్తకిచ్చారు. ఇంటికొచ్చాక అత్తగారు అడిగిన మొదటి మాట, “ఎవరి దగ్గర అంటించుకొచ్చావే?” అని. వారం తిరక్కుండానే పుట్టింటికి పంపేశారు. భర్తకు పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: “మేడమ్, నాకా జబ్బు ఉందా, లేదా?”

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్నవే మీ ముందు పెడుతున్నాను.

హెర్పిస్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. జ్వరమొచ్చి తగ్గాక పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి చూడండి, అది ఎక్కువగా మొదటి రకం పని. చాలామందికి చిన్నతనంలోనే, ముద్దుల ద్వారా, లాలాజలం ద్వారా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 50 ఏళ్ళలోపు వారిలో 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి ఇది ఉంది. ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా వచ్చే రెండో రకం 15-49 ఏళ్ళ వారిలో 52 కోట్ల మందికి ఉంది. వీరిలో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

అందుకే రిపోర్టు చూడగానే మొదట అడగాల్సింది, ఏ రకం అని. కొన్ని టార్చ్ రిపోర్టుల్లో రెండు రకాలనూ కలిపి ఒకే వరుసలో రాస్తారు. అక్కడ ‘పాజిటివ్’ అంటే చిన్నప్పటి పెదవి పొక్కే కావచ్చు.

రెండోది, ఐజీఎమ్మా, ఐజీజీయా? ఐజీఎం వస్తే కొత్తగా సోకినట్టే అనుకుంటారు. హెర్పిస్ విషయంలో అలా చెప్పలేం. పాతది తిరగబెట్టినా అది కనిపించవచ్చు, అసలు లేకపోయినా కనిపించవచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 మార్గదర్శకాల్లో ఐజీఎం పరీక్ష వద్దనే చెప్పింది.

మూడోది, అంకె ఎంత? మామూలుగా 0.9 లోపు నెగటివ్, 1.1 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే తేలనట్టు. కానీ రెండో రకం ఐజీజీలో 3 కంటే తక్కువ అంకె చాలాసార్లు తప్పుడు పాజిటివ్ అవుతుందని, మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ అమ్మాయి అంకె 1.4.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏ లక్షణాలూ లేని వెయ్యిమంది స్త్రీలకు పరీక్ష చేశామనుకోండి. నిజంగా వైరస్ ఉన్నవాళ్ళు 50 మంది. లేని 950 మందిలో నూటికి ఐదుగురికి పరీక్ష పొరపాటున పాజిటివ్ చూపిస్తే, వాళ్ళు దాదాపు 48 మంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న ఇద్దరిలో ఒకరికి ఆ వైరస్ లేనే లేదు. అమెరికా నివారణ సేవల కార్యదళం 2023లో, గర్భిణులతో సహా లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష చేయవద్దని చెప్పింది ఇందుకే. పదేపదే గర్భం పోతున్నవారికి టార్చ్ పరీక్షల వల్ల ఉపయోగం లేదని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లోనే చెప్పింది.

నెగటివ్‌నూ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. వైరస్ సోకాక రక్తంలో ఐజీజీ కనిపించడానికి 12 వారాల దాకా పట్టవచ్చు. అనుమానముంటే అప్పుడు మళ్ళీ చేయించుకోవాలి. పొక్కులుంటే రక్తం కంటే ఆ పొక్కు నుంచి తీసిన నమూనాకు పీసీఆర్ పరీక్ష మేలు. గర్భిణికి పొక్కులు లేస్తే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి. చివరి నెలల్లో కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం. దానికి మందులూ జాగ్రత్తలూ ఉన్నాయి.

ఇవన్నీ తెలిశాక నేను ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి “నీకు లేకపోవచ్చు” అని సంబరంగా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, “ఉంటే మాత్రం మేడమ్?” అంది. నాకు సిగ్గనిపించింది. పరీక్ష తప్పు కాబట్టి ఆమె నిర్దోషి అని నేను వాదిస్తున్నాను. అంటే పరీక్ష నిజమైతే దోషి అని ఒప్పుకున్నట్టేగా! వైరస్ ఎవరి నుంచి వచ్చిందో, ఏ సంవత్సరం వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. పెళ్ళికి ముందే భర్తకు ఉండి, అతనికే తెలియకుండా ఆమెకు వచ్చి ఉండవచ్చు. ఆ కాగితంలో శీలం అనే గడి లేదు. ఆ గడిని మన ఇళ్ళు గీస్తున్నాయి.

మూడు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే 1.0 వచ్చింది. అటూ కాదు, ఇటూ కాదు. ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంది.

మనం చేయగలిగినవి ఉన్నాయి. ఏ పరీక్ష, ఎందుకు అని ముందే అడిగే ధైర్యం స్త్రీలకివ్వాలి. రిపోర్టు ఆమె చేతికే రావాలని పట్టుబట్టాలి. హెచ్‌ఐవీ పరీక్షకు సమ్మతి, గోప్యత తప్పనిసరని 2017 చట్టం చెప్పింది. మిగతా పరీక్షలకు కూడా, రోగి రహస్యాలు బయటపెట్టకూడదని భారత వైద్య మండలి 2002 నియమావళిలో ఉంది. పంచాయితీ పెట్టిన పెద్దల ముందు ఆ కాగితం బయటికొస్తే, ఏ రకం, ఏ పరీక్ష, అంకె ఎంత, భర్త రిపోర్టు ఏది అని అడగండి. జవాబులన్నీ వచ్చాక కూడా, దానికీ ఆమెను ఇంట్లోంచి పంపడానికీ సంబంధమేమిటని అడగండి. ఆ చివరి ప్రశ్న నాకు నేర్పింది ఆమే.